కర్నూలు ఎండ వదిలి స్పెయిన్ ఎండకు వెళ్లడం ఎందుకు?

ప్రశ్న: మేము కర్నూలులో ఉంటాం. వచ్చే మే సెలవుల్లో నేను, మా ఆయన, పదేళ్ల బాబు, అత్తమామలు కలిసి పది పన్నెండు రోజులు విదేశం వెళ్లాలనుకుంటున్నాం. మా ఆయన ఆఫీసులో అందరూ స్పెయిన్ అంటున్నారు. ఎండ బాగుంటుందట, చూడటానికి చాలా ఉంటుందట. "మే నెలలో మన ఊరి ఎండ చాలదా, లక్షలు పోసి ఇంకో ఎండకు పోవడమెందుకు, స్విట్జర్లాండ్ అయితే మంచైనా చూస్తాం కదా" అంటారు మామగారు. ఆయన కేసీ కెనాల్ కింద జీవితమంతా వ్యవసాయం చేసినవారు. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. మాలాంటి వాళ్లకు స్పెయిన్ సరిపోతుందా?

జవాబు: మీ మామగారు అడిగిందే అసలు ప్రశ్న, దానికే ముందు జవాబు చెబుతాను. నేను అనంతపురం వాణ్ణి. మా జిల్లాకు వచ్చే స్పెయిన్ అతిథులకు దుబాసీగా మొదలుపెట్టి, ఆ భాష పట్టుకుని, తర్వాత మన సీమ నుంచి చిన్న గుంపులను అటు తీసుకెళ్లే పనిలో పడ్డాను. ఈ ప్రశ్న నన్ను దాదాపు ప్రతి ఇంట్లోనూ అడుగుతారు, అదీ పెద్దవాళ్లే అడుగుతారు.

స్పెయిన్ ఎండ గురించి మీ ఆయన ఆఫీసులో చెప్పే మాట ఇంగ్లండ్ వాళ్లు, జర్మనీ వాళ్లు తమ కోసం చెప్పుకునే మాట. డిసెంబరులో లండన్‌లో మధ్యాహ్నం నాలుగింటికల్లా చీకటి పడుతుంది. వారాల తరబడి సూర్యుడు మబ్బు చాటునే ఉంటాడు. అలాంటి చోట బతికేవాళ్లకు రెండు మూడు గంటల విమాన ప్రయాణంలో ఏడాదికి దాదాపు 3,000 గంటల ఎండ కాసే తీరం దొరికితే వదులుతారా? 2024లో స్పెయిన్‌కు 9 కోట్ల 30 లక్షలకు పైగా విదేశీయులు వచ్చారు. ఆ దేశ జనాభా 5 కోట్ల లోపే. బ్రిటన్ నుంచే ఏటా కోటిన్నర మందికి పైగా వెళ్తారు. 1950ల దాకా చేపలు పట్టుకునే పల్లెలుగా ఉన్న బెనిడార్మ్, టొర్రెమొలినోస్ లాంటి ఊళ్లు ఇరవై ఏళ్లలో హోటళ్ల వరుసలైపోయింది ఈ ఎండ గిరాకీ వల్లనే. అక్కడ వాళ్లు ఇసుకలో పడుకుని ఒళ్లు కాల్చుకుంటారు. మనకు ఆ భాగంతో పని లేదు. ఏజెంటు ఇచ్చే కాగితంలో 'కోస్తా దెల్ సోల్‌లో మూడు రాత్రులు' అని ఉంటే, అదీ అలాంటి బీచ్ తీరమే, ఆ లైను కొట్టేయించండి.

మరి మనం వెళ్లేది దేనికంటే, మనలాంటి ఎండ, మనకన్నా తక్కువ వాన ఉన్న నేలలో మనుషులు నీడనూ నీళ్లనూ ఎంత తెలివిగా వాడుకున్నారో చూడటానికి. స్విట్జర్లాండ్ మంచు బాగుంటుంది, కాదనను. కానీ మంచు చూసి మీ మామగారు "బాగుంది" అని ఊరుకుంటారు. స్పెయిన్ తూర్పున, దక్షిణాన అయితే ఆయన అడుగడుగునా ఆగి "ఇదెట్లా కట్టారు, ఈ నీళ్లెక్కడివి" అని అడుగుతారు. కాలవ కింద సేద్యం చేసినవాళ్లకు ఆ దేశంలో ఉన్నంత కాలక్షేపం యూరప్‌లో ఇంకెక్కడా ఉండదని నా అభిప్రాయం.

ఉదాహరణకు వాలెన్సియా. ఆ ఊరి పెద్ద చర్చికి అపొస్తలుల ద్వారం అని ఒకటుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు ఆ ద్వారం ముందు ఎనిమిది మంది రైతులు నల్లటి అంగీలు వేసుకుని గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుంటారు. తూరియా నది నుంచి చీలే ఎనిమిది కాలవలకు వాళ్లు ప్రతినిధులు, ఆయకట్టు రైతులు ఎన్నుకున్నవాళ్లు. అదొక కోర్టు. ఒక్కో కాలవ పేరూ పిలుస్తారు. తన వంతు కాకుండా నీళ్లు మళ్లించుకున్నాడనో, కాలవ శుభ్రం చేయలేదనో, పక్క పొలాన్ని ముంచాడనో ఫిర్యాదు ఉంటే అక్కడే వింటారు. లాయర్లు ఉండరు, కాగితాలు ఉండవు, అంతా నోటి మాటే. తీర్పు అప్పటికప్పుడే చెబుతారు, దానికి చట్టబద్ధత ఉంది. వందల ఏళ్లుగా నడుస్తున్న ఈ నీటి పంచాయితీని 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. చాలా గురువారాల్లో ఫిర్యాదులేవీ ఉండవు కాబట్టి ఐదు నిమిషాల్లో లేచి వెళ్లిపోతారు. ఇంతేనా అని టూరిస్టులు నిరాశపడతారు. మన దగ్గర నుంచి వచ్చిన రైతులు మాత్రం అక్కణ్ణుంచి కదలరు. వంతు తప్పి తూము ఎత్తితే ఎంత గొడవో, చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే ఆ కడుపుమంట ఏమిటో తెలిసినవాళ్లు కదా. కాలవ నీళ్లు వదిలే లస్కరును బతిమాలుకుని, రాత్రిళ్లు గట్టు మీద కాపలా పడుకున్న మనిషికి ఫిర్యాదే లేని ఆ గురువారం ఎంత గొప్పదో వేరే చెప్పక్కర్లేదు.

వాలెన్సియాలో కర్నూలు వాళ్లు చూడాల్సింది ఇంకోటి ఉంది. 1957 అక్టోబరులో తూరియా పొంగి ఊరిని ముంచేసింది. 80 మందికి పైగా చనిపోయారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి మీ ఊరికి చేసింది గుర్తుందిగా, అలాంటిదే. ఆ తర్వాత వాళ్లు నదినే ఊరి బయటికి మళ్లించారు. ఖాళీ అయిన పాత నది గర్భంలో హైవే వేద్దామని ప్రభుత్వం అనుకుంటే జనం ఒప్పుకోలేదు, తోట కావాలని పట్టుబట్టారు. ఇప్పుడది ఊరి మధ్యలో తొమ్మిది కిలోమీటర్ల దాకా సాగే పార్కు. పాత వంతెనలు అలాగే ఉన్నాయి, వాటి కింద సైకిళ్లు పోతుంటాయి. మీ బాబుకు అద్దె సైకిలు ఇప్పిస్తే ఒక పూట హాయిగా గడిచిపోతుంది. పార్కు చివర సైన్స్ మ్యూజియం, పెద్ద అక్వేరియం ఉన్నాయి. 2024 అక్టోబరు 29న వచ్చిన వరదలో వాలెన్సియా శివారు ఊళ్లు ఘోరంగా దెబ్బతిన్నాయి. రెండు వందల మందికి పైగా పోయారు. పాత నగరం మాత్రం ఆ మళ్లించిన నది వల్లే చాలావరకు బయటపడింది. శివార్ల గతి అలా కావడం మీద అక్కడ ఇప్పటికీ కోపం చల్లారలేదు. టాక్సీ డ్రైవరును కదిపితే చాలు.

గ్రనాడాలోని అల్హంబ్రా కోట గురించి ఎక్కడైనా చదివే ఉంటారు. దక్షిణ స్పెయిన్‌ను వందల ఏళ్లు ఏలిన ముస్లిం రాజుల్లో చివరివాళ్లైన నస్రీద్ వంశం కట్టింది. 1492 జనవరిలో అది కాథలిక్ రాజుల చేతికొచ్చింది. ఫొటోల్లో గోడల మీది నగిషీ కనిపిస్తుంది, నీళ్ల చప్పుడు ఫొటోకు అందదు. కొండ మీద కోటకు నీళ్లు ఎలా వచ్చాయి? కొన్ని కిలోమీటర్ల ఎగువన దారో నది నుంచి కొండ అంచు వెంబడి వాలు చూసుకుంటూ కాలవ తవ్వుకొచ్చారు. మోటారు లేదు, వాలే మోటారు. ఆ నీళ్లే తోటల్లో, మెట్ల చేతిపట్టుల మీద చేసిన గాడుల్లో, పన్నెండు పాలరాతి సింహాలు మోసే తొట్టిలో పారుతాయి. ఎండలోంచి ఆ మండపంలో అడుగుపెడితే గాలి మారిపోయినట్టు ఉంటుంది. ఆ సింహాల ప్రాంగణం కట్టింది 14వ శతాబ్దం రెండో సగంలో. సరిగ్గా అదే కాలంలో మన కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, చెరువు ఎక్కడ కట్టాలి, ఎలా కట్టకూడదు అని 1369లో శాసనం వేయించాడు. వాళ్లకు మనం తెలియదు, మనకు వాళ్లు తెలియదు, బెంగ మాత్రం ఒకటే. పోరుమామిళ్ల శాసనం చూడటానికి ఎవరూ టికెట్ కొనరు. అల్హంబ్రాకు నెలల ముందే టికెట్లు అయిపోతాయి. దీని మీద నాకు చాలా ఉక్రోషం ఉంది, ఇక్కడ వద్దులెండి.

కోర్డోబాకు మే నెల మొదటి రెండు వారాల్లో వెళ్లగలిగితే అదృష్టం. మామూలు ఇళ్లవాళ్లు తమ లోపలి వాకిళ్లను అలంకరించి వీధి తలుపులు తెరిచి పెడతారు. ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు, డబ్బు తీసుకోరు. సున్నం కొట్టిన మందపాటి గోడలు, నడుమ బావి, గోడ నిండా పూలకుండీలు. పైన ఉన్న కుండీలకు నీళ్లు పోయడానికి పొడుగాటి వెదురుకర్ర చివర డబ్బా కట్టుకుంటారు. మీ అత్తగారికి ఇది రాజుల కోటల కన్నా నచ్చుతుందని నా పందెం. ఇంటి నడుమ వాకిలి, చుట్టూ వసారా, పగలు తలుపులు మూసి సాయంత్రం తెరవడం, ఇదంతా మన పాత మిద్దె ఇళ్లలో ఉన్నదే. మనం వాటిని పడగొట్టి సిమెంటు డబ్బాలు కట్టుకుని ఏసీలు పెట్టుకున్నాం. వాళ్లు అలాగే ఉంచుకుని పండగ చేసుకుంటున్నారు. ఆ ఊళ్లోనే 8వ శతాబ్దం చివర మొదలైన పెద్ద మసీదు ఉంది. లోపల 850కి పైగా స్తంభాలు, ఎరుపు తెలుపు చారల కమానులు, వాటి మధ్యలో 16వ శతాబ్దంలో చొప్పించిన చర్చి. ఒక మతం కట్టడంలో ఇంకో మతం కట్టడం ఉంటే ఎలా ఉంటుందో కళ్లారా చూడొచ్చు. దాని గురించి అక్కడ ఇప్పటికీ వాదనలున్నాయి. గైడు ఏ పక్షమో మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

సెవిల్‌లో అందరూ కెథడ్రల్, రాజభవనం చూపిస్తారు. అవి చూడాల్సినవే. కొలంబస్ సమాధి కెథడ్రల్‌లోనే ఉంది, స్పెయిన్‌లోని నాలుగు రాజ్యాలకు ప్రతీకలైన నలుగురి విగ్రహాలు శవపేటిక మోస్తున్నట్టు. పక్కనే ఉన్న ఇండీస్ ఆర్కైవ్‌లోకి మాత్రం మన వాళ్లు అడుగు కూడా పెట్టరు. అమెరికా ఖండాలతో స్పెయిన్ నడిపిన వ్యవహారం కాగితాలన్నీ 1785 నుంచి అక్కడ దాచారు. మిరప, టమోటా, చెనిక్కాయ, ఈ మూడూ అమెరికా ఖండాల పంటలే. 1492 తర్వాత ఓడలు తిరగడం మొదలయ్యాకే మిగతా ప్రపంచానికి తెలిశాయి. మా అనంతపురం బతుకంతా చెనిక్కాయ మీద నడిచింది. గుంటూరు కారం లేకుండా మన సంగటి ముద్ద దిగదు. పదేళ్ల పిల్లాడికి ఆ గదిలో నిలబెట్టి ఈ కథ చెబితే స్కూల్లో చదివిన దానికన్నా బాగా ఎక్కుతుంది. టమోటా అంటే గుర్తొచ్చింది, టమోటాలు విసురుకునే పండగ ఆగస్టు చివరి బుధవారం బున్యోల్‌లో జరుగుతుంది, మే నెలలో ఉండదు. ఉన్నా నేను తీసుకెళ్లను. పత్తికొండ మార్కెట్లో ధర లేక రైతులు రోడ్డు మీద పారబోసిన టమోటాలు చూసిన కళ్లతో ఆ వినోదం చూడలేం.

ఫ్లమెంకో అనే అక్కడి పాట, నాట్యం ఒక సాయంత్రం చూడండి, గ్రనాడాలో అయినా సెవిల్‌లో అయినా. భోజనంతో కలిపి అమ్మే పెద్ద హాళ్లు కాకుండా యాభై అరవై మంది పట్టే చిన్న చోటు వెతుక్కోండి. ఆ కళను నిలబెట్టినవాళ్లలో జిప్సీలు ముఖ్యులు. వాళ్ల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కిందట మన దేశపు వాయవ్య ప్రాంతం నుంచి బయల్దేరినవాళ్లని భాషా పరిశోధకులు తేల్చారు. ఎద్దుల పోరు ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. ఒక సాయంత్రానికి మామూలుగా ఆరు ఎద్దులను చంపుతారు, పక్కన పిల్లాడు ఉంటాడు.

ఇక ఎండ లెక్క. మేలో కర్నూలు 40 దాటి ఉడికిపోతుంటే సెవిల్‌లో పగలు సగటున 27, 28 డిగ్రీలు. ఒక్కోసారి 35 దాటిన రోజులు కూడా వస్తాయి, మనకు అది లెక్క కాదు. రాత్రిళ్లు పలుచటి స్వెటర్ కావాలి. జూలై, ఆగస్టుల్లో మాత్రం కోర్డోబా, సెవిల్ వైపు పోవద్దు. 2021 ఆగస్టు 14న కోర్డోబా జిల్లాలో 47.6 డిగ్రీలు నమోదైంది, స్పెయిన్ రికార్డు అది. స్కూలు సెలవులు మేలో రావడం మీకు కలిసొచ్చిన విషయం. చాలామంది ఎందుకో జూన్ మొదటి వారానికి జరుపుతారు. ఆ పని చేయకండి.

అక్కడి టైముతో పెద్దవాళ్లకు కొంచెం ఇబ్బంది అవుతుంది. సూర్యుడి లెక్కన స్పెయిన్ గడియారం ఇంగ్లండ్‌తో సమానంగా ఉండాలి, కానీ 1940 నుంచి జర్మనీ టైముతో నడుస్తోంది. అందుకే మే మధ్యలో రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు అస్తమించడు. హోటళ్లలో మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిదింటికి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న ఊళ్లలో షాపులు మూసేస్తారు. మే నెల కర్నూలు పాతబస్తీలో ఆ వేళకు ఎవరు తిరుగుతారు గనక? మీరూ అలాగే చేయండి. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంటన్నర దాకా చూడటం, రెండింటికి గట్టిగా భోజనం, గదికి వెళ్లి పడక, ఆరింటికి మళ్లీ బయటికి. మన టూర్ బస్సులు ఎక్కే వేళకు అక్కడివాళ్లు పడుకుంటారు. మన బస్సులు హోటల్‌కు చేరే వేళకు వాళ్లు పిల్లలనూ ముసలివాళ్లనూ వెంటబెట్టుకుని వీధిలోకి వస్తారు. ఊరి చౌకులో బెంచీ మీద ఆ రెండు గంటలు కూర్చోకపోతే స్పెయిన్ చూసినట్టు కాదు. ఇది పైసా ఖర్చు లేని పని, ఏ ప్యాకేజీలోనూ ఉండదు.

అందుకే ప్యాకేజీల గురించి ఖచ్చితంగా చెబుతాను. 'తొమ్మిది రోజుల్లో స్పెయిన్, పోర్చుగల్, మొరాకో' లాంటివి కొనకండి. మా బంధువులు ఒకరు అలాంటిదే కొని అల్హంబ్రాను బస్సు దిగిన చోటు నుంచే చూసి వచ్చారు, టికెట్లు దొరకలేదట. మీరు పన్నెండు రోజులు పెట్టుకుని ఒక్క దేశమే, అందులోనూ సగమే చూడండి. మాడ్రిడ్‌లో దిగి రెండు రాత్రులు, రైలులో కోర్డోబా ఒక రాత్రి, సెవిల్ మూడు, గ్రనాడా రెండు, మళ్లీ రైలులో మాడ్రిడ్ మీదుగా వాలెన్సియా రెండు. వాలెన్సియాకు బుధవారం సాయంత్రం చేరేలా వెనక నుంచి లెక్కేసుకోండి, గురువారం తప్పితే ఆ కోర్టు లేదు. మాడ్రిడ్–సెవిల్ హైస్పీడు రైలు 1992లో వేశారు, రెండున్నర గంటల ప్రయాణం. స్టేషన్లో సామాను స్కాన్ చేస్తారు కాబట్టి అరగంట ముందే ఉండాలి. మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఉచితం. క్యూ పొడుగ్గా ఉంటుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లకు టికెట్ కొనడమే మేలు. 1937 బాంబు దాడి మీద పికాసో వేసిన గెర్నికా బొమ్మ వేరే మ్యూజియంలో ఉంది, రెయినా సోఫియాలో. దానికి మంగళవారం సెలవు.

బార్సిలోనా ఎందుకు లేదని అడుగుతారు. గొప్ప ఊరే. 1882లో మొదలైన సగ్రాదా ఫమీలియా చర్చి ఇంకా కడుతూనే ఉన్నారు. దాని శిల్పి గౌడీ 1926లో ట్రామ్ కింద పడి చనిపోయాడు. కానీ ఇద్దరు పెద్దవాళ్లతో, పన్నెండు రోజుల్లో, ఆ రద్దీలో, జేబుదొంగల మీద ఒక కన్ను వేసుకుని తిరగడం నాకు నచ్చదు. పైగా అక్కడివాళ్లు టూరిస్టులతో విసిగిపోయి ఉన్నారు. ఇళ్ల అద్దెలు చేయిదాటిపోయాయని 2024 జూలైలో ఊరేగింపు తీసి, హోటళ్ల బయట కూర్చున్నవాళ్ల మీద నీళ్ల తుపాకులతో కొట్టారు. 2028 కల్లా టూరిస్టులకు అద్దెకిచ్చే ఫ్లాట్లన్నీ ఆపేస్తామని మేయర్ ప్రకటించారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. తిరుగు ప్రయాణం అక్కణ్ణుంచే అయితే ఒక రోజు చాలు.

మామగారికి నిజంగా ఆసక్తి ఉంటే గ్రనాడా నుంచి రెండు గంటల దూరంలో అల్మేరియా ఉంది. టూరిస్టులు పెద్దగా పోని చోటు. ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన, అంటే అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. పెన్నా ఒడ్డు గుట్టల్లాంటి బోడి కొండలు, ఎర్రమట్టి. అక్కడ 30,000 హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ కప్పుల కింద కూరగాయలు పండించి యూరప్ అంతటికీ పంపుతారు. విమానంలోంచి చూస్తే తెల్లటి సముద్రంలా ఉంటుంది. అంతా డ్రిప్పే. మొదట చూస్తే అసూయ పుడుతుంది, తర్వాత రెండో వైపు కనిపిస్తుంది. భూగర్భ జలాలు తోడి తోడి ఉప్పునీళ్లు పడుతున్నాయి, సముద్రపు నీళ్లు శుద్ధి చేసి వాడాల్సి వస్తోంది. పని చేసేది ఆఫ్రికా నుంచి వచ్చిన కూలీలు, వాళ్లు ఉండే గుడిసెలు చూడలేం. మన బోర్ల కథ తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. ఇది అందరికీ చెప్పే సలహా కాదు. ఆయన ఊ అంటే మాడ్రిడ్‌లో ఒక రోజు తగ్గించుకోండి.

అత్తగారి భోజనం గురించి టెన్షన్ వద్దు, జాగ్రత్త మాత్రం కావాలి. పంది మాంసం ముక్కలు, హామ్, అక్కడ పోపు వేసినట్టు అన్నింటిలో పడతాయి. కూరగాయల వంటకం అని రాసి ఉన్నా పైన చల్లి తెస్తారు, అడిగితే "అది కొంచెమే కదా" అంటారు. అందుకని మాంసం వద్దంటే చాలదు. "సిన్ హమోన్, సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ వెవో" అని చీటీ రాసి పెట్టుకోండి. హామ్, మాంసం, చేప, గుడ్డు లేకుండా అని దాని అర్థం. ఆవిడ తినదగినవి ఉన్నాయి. గస్పాచో అనే చల్లటి టమోటా చారు, టమోటా రుద్దిన రొట్టె, ఉప్పేసి వేయించిన పాద్రోన్ పచ్చిమిరపకాయలు, సెవిల్‌లో పాలకూర శనగల కూర. ఆలుగడ్డ అట్టులో గుడ్డు ఉంటుంది, అది మీకు. పాయెల్యా అనే అన్నం వంటకానికి పుట్టిల్లు వాలెన్సియా, అసలైన దాంట్లో కోడి, కుందేలు వేస్తారు. కూరగాయలది అడిగితే చేస్తారు గానీ ఉడికించిన నీళ్లు మాంసం రసమేమో కనుక్కోండి. మధ్యాహ్నం పూట చాలా హోటళ్లలో నిర్ణీత ధరకు పూర్తి భోజనం ఉంటుంది, మనిషికి సుమారు 15 యూరోలు. మిగతావాళ్లకు అదే చవక.

వంటగది ఉన్న గదులు తీసుకుంటే సగం సమస్య తీరుతుంది. బియ్యం, పెరుగు ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి. బియ్యం పొట్టిగా, కొంచెం జిగురుగా ఉంటాయి, పెరుగన్నానికి బాగానే ఉంటాయి. ఇక్కణ్ణుంచి కందిపొడి, చెనిక్కాయ పొడి, ఊరగాయ పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, పన్నీరు వద్దు. బయటి దేశాల నుంచి పాల, మాంసం సరుకులు యూరప్‌లోకి తీసుకురానివ్వరు. పచ్చి కరివేపాకు రెబ్బలు కూడా పెట్టకండి.

నడక ఎక్కువ. కోర్డోబా, గ్రనాడా పాత వీధులు గుండ్రాళ్లు పరిచినవి, చెప్పులతో పెద్దవాళ్ల మోకాళ్లు పట్టేస్తాయి. మంచి షూ ఇప్పించి, ఇక్కడే ఒక నెల వేసుకుని నడవమనండి. అల్హంబ్రా కొండ ఎక్కడానికి చిన్న సిటీ బస్సులున్నాయి, నడిచి ఎక్కొద్దు.

వీసా షెంజెన్ వీసానే, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది, పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మే ప్రయాణానికి జనవరిలోనే అపాయింట్‌మెంట్ వెతకండి, మార్చి వస్తే దొరకవు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, పెద్దవాళ్లకు బీపీ, షుగరు ఉంటే పాలసీలో ఆ సంగతి చెప్పే కొనండి. విమానం హైదరాబాదు నుంచైనా బెంగళూరు నుంచైనా ఒకటే. బెంగళూరు అయితే ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో, మన హైవే పక్కనే. ఊళ్లో ట్రాఫిక్ తగలదు.

స్పెయిన్ మనకు మరీ పరాయి దేశం కాదని కూడా మామగారికి చెప్పండి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ మొదలుపెట్టి, 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు నదాల్ పేరుతో టెన్నిస్ స్కూలు 2010 నుంచి మా ఊళ్లో ఉంది. అనంతపురం పేరు ఎత్తితే అక్కడ ఎవరో ఒకరు "మా అత్త ఆ ఊరి పిల్లకు చదువు చెప్పిస్తోంది" అనడం నాకు మామూలైపోయింది. అక్కణ్ణుంచి వచ్చేవాళ్లను లేపాక్షి తీసుకెళ్తే రెండు మూడు గంటలు కదలరు, పైకప్పు బొమ్మల కింద నేల మీద పడుకుని చూస్తారు. మనవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి ఇరవై నిమిషాల్లో బయటికొస్తారు. అల్హంబ్రాలో మాత్రం దయచేసి వాళ్లలా చూడండి.

విమానం కన్నా ముందు చూసుకోవాల్సింది అల్హంబ్రా టికెట్లే. అధికారిక సైటులోనే కొనండి. నస్రీద్ మహలుకు మీరు ఎంచుకున్న టైముకే పంపుతారు, ఆలస్యమైతే ఆ భాగం పోయినట్టే. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి, గేటు దగ్గర పాస్‌పోర్టు చూస్తారు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి ఇనిషియల్‌గా ఉంటుంది. మీ అయిదుగురివీ పక్కపక్కన పెట్టుకుని, ఎవరిది ఎలా ఉంటే అలాగే టైపు చేయండి. తేదీలు కుదిరాక ఇక్కడ రాస్తే గురువారం లెక్క నేను కూడా ఒకసారి చూసి చెబుతాను.